ఎల్‌ఏ-2ఏ ఆప్టికల్ కంప్రెసర్: గాత్రం మీదా, తుది మిక్స్ మీదా

యూనివర్సల్ ఆడియో సంస్థ తయారుచేస్తున్న ఎల్‌ఏ-2ఏ లెవెలింగ్ యాంప్లిఫయర్‌ను రెండేళ్లుగా గాత్రం రికార్డు చేసేటప్పుడూ, మిక్స్ చేసేటప్పుడూ వాడుతున్నాను, పాట మొత్తం కలిసిన తుది మిక్స్ మీదా వాడి చూశాను. ఇది కంప్రెసర్, అంటే గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గించి ధ్వనిని సమం చేసే యంత్రం. ఈ యంత్రం గురించి రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. ఉన్నవి రెండే నాబ్‌లు కనుక దీన్ని కుదర్చడానికి నేర్పేమీ అక్కర్లేదన్నది ఒకటి; అటాక్ (తగ్గించడం మొదలుపెట్టే వేగం), రిలీజ్ (తిరిగి వదిలే వేగం) మన చేతిలో లేవు కనుక దీనితో చేయగలిగింది తక్కువేనన్నది రెండోది. రెండేళ్ల వాడకం తరువాత ఈ రెంటిలో దేనితోనూ ఏకీభవించలేకపోతున్నాను. ఈ యంత్రాన్ని కుదర్చే పనిలో ఎక్కువ భాగం దాని బయటే జరుగుతుంది: ఎంత లెవెల్‌లో పంపుతున్నాం, పంపే ముందు గాత్రంలోంచి ఏమి తీసివేశాం, ఒక పాదానికీ మరో పాదానికీ ఉన్న తేడాను ముందే ఎంత తగ్గించాం అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. గాత్రం మీద దీనికి పూర్తి మార్కులు వేస్తాను. తుది మిక్స్ మీద మాత్రం కొన్ని పాటలకే, అదీ జాగ్రత్తగా వాడాలంటాను. ఎందుకో వివరంగా రాస్తాను.

దీని స్వభావం అర్థం కావాలంటే పుట్టుక తెలియాలి. 1960ల్లో అమెరికాలోని పాసడీనాలో టెలిట్రానిక్స్ అనే చిన్న సంస్థను నడిపిన జేమ్స్ లారెన్స్ దీన్ని ప్రసార రంగాన్ని దృష్టిలో పెట్టుకొని రూపొందించారు. గొంతు పెరిగినప్పుడల్లా ఫేడర్‌ను కిందికి, తగ్గినప్పుడల్లా పైకి జరుపుతూ కూర్చునే మనిషి పనిని యంత్రం చేత చేయించడమే లక్ష్యం. పేరులో లెవెలింగ్ అనే మాట ఉండడం యాదృచ్ఛికం కాదు. ఇప్పటికీ ఇది చక్కగా చేసే పని అదే. 1967లో ఆ వ్యాపారం బిల్ పుట్నమ్ సంస్థ చేతికి వచ్చింది. ఆయన కుమారులు 1999లో యూనివర్సల్ ఆడియోను తిరిగి స్థాపించిన తరువాత ఈ నమూనా మళ్లీ తయారీలోకి వచ్చింది.

యంత్రానికి గుండెకాయ లాంటిది టీ4బీ అనే చిన్న లోహపు డబ్బా. అందులో విద్యుత్తు అందగానే వెలిగే ఒక ఎలక్ట్రోల్యూమినిసెంట్ పలక, దానికి ఎదురుగా కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన ఫోటో రెసిస్టర్లు ఉంటాయి. పాట గట్టిగా వచ్చినకొద్దీ పలక ప్రకాశవంతంగా వెలుగుతుంది, వెలుగు పెరిగినకొద్దీ రెసిస్టర్ నిరోధం పడిపోతుంది, ఆ మేరకు సిగ్నల్ తగ్గుతుంది. ఒక రెసిస్టర్ పాటను తగ్గించే పని చేస్తే మరొకటి ఎంత తగ్గిందో చూపే మీటర్ సూదిని నడుపుతుంది. మిగిలినదంతా ట్రాన్స్‌ఫార్మర్లూ, నాలుగు వాక్యూమ్ ట్యూబులూ: రెండు 12ఏఎక్స్7లు, ఒక 12బీహెచ్7, ఒక 6ఏక్యూ5. అవన్నీ ధ్వనికి కొంత నిండుదనం ఇస్తాయన్న మాట నిజమే. ఎంత తగ్గించాలో నిర్ణయించే పీక్ రిడక్షన్ నాబ్‌ను సున్నాలో ఉంచి ఊరికే యంత్రం గుండా పంపినా ఆ తేడా సన్నగా వినిపిస్తుంది. అయితే ఈ యంత్రానికి ఉన్న పేరులో సింహభాగం ఆ రెసిస్టర్ వెలుగును ఎంత త్వరగా అందుకుంటుంది, ఎంత నెమ్మదిగా మరిచిపోతుంది అన్నదానికే చెందాలని నా అభిప్రాయం.

అంకెల్లో చెప్పాలంటే అటాక్ సగటున 10 మిల్లీసెకన్లు. రిలీజ్ రెండు అంచెల్లో జరుగుతుంది: తగ్గిన లెవెల్‌లో సగం సుమారు 60 మిల్లీసెకన్లలోనే తిరిగి వస్తుంది, మిగతా సగం రావడానికి అర సెకను నుంచి 5 సెకన్ల దాకా పడుతుంది. అంత తేడా ఎందుకంటే, రెసిస్టర్ మీద వెలుగు ఎంత ఎక్కువగా, ఎంత సేపు పడిందో దాన్నిబట్టి అది కోలుకునే వేగం మారుతుంది. ఒక్క అక్షరం మీద గొంతు ఎగిరి వెంటనే దిగితే యంత్రం చప్పున కోలుకుంటుంది. పల్లవి అంతా తారస్థాయిలో సాగితే ఆ తరువాత చాలాసేపు వెనక్కి తగ్గే ఉంటుంది. గాయకులు పాడే తీరుకు ఇది ఆశ్చర్యకరంగా సరిపోతుంది. దీర్ఘం తీసేటప్పుడు లెవెల్ ఊగిసలాడదు, గమకాల మీద కంప్రెసర్ పనిచేస్తున్న జాడ వినిపించదు, పదానికీ పదానికీ మధ్య నేపథ్యం గభాలున పైకి లేవదు. మామూలు కంప్రెసర్‌లో ఇదంతా సాధించడానికి రిలీజ్ నాబ్‌తో ఎంతో సేపు పెనుగులాడాలి.

ఇక కుదర్చడం. పీక్ రిడక్షన్, గెయిన్ అనే రెండు నాబ్‌లకూ 0 నుంచి 100 వరకు అంకెలు ఉంటాయి. ఎవరో తమ పాటకు పీక్ రిడక్షన్ 45, గెయిన్ 35 పెట్టామని చెబితే ఆ అంకెలు మనకు ఎందుకూ పనికిరావు. ఏ లెవెల్ దాటితే కంప్రెషన్ మొదలవ్వాలో చెప్పే త్రెషోల్డ్ నాబ్ అంటూ దీనికి విడిగా లేదు. లోపలికి వచ్చే లెవెల్ ఎంతో, పీక్ రిడక్షన్ ఎక్కడుందో రెండూ కలిసి ఎంత కంప్రెషన్ జరగాలో నిర్ణయిస్తాయి. అదే గాత్రాన్ని 6 డెసిబెల్స్ పెంచి పంపితే అదే అంకె దగ్గర సూది ఎంతో లోతుకు దిగుతుంది. కనుక ముందుగా పంపే లెవెల్‌ను ఒక స్థిరమైన చోట నిలపాలి. నేను డిజిటల్ మీటర్‌లో గాత్రపు సగటు మైనస్ 18 డెసిబెల్స్ పరిసరాల్లో ఉండేలా చూసుకొని పంపుతాను. అంతకంటే బాగా తగ్గించి పంపితే గెయిన్‌ను పైకి తిప్పాల్సి వస్తుంది, దానితోపాటే ట్యూబుల సన్నని రొద కూడా పైకి వస్తుంది. ఈ యంత్రం 40 డెసిబెల్స్ దాకా పెంచగలదు కాబట్టి ఆ రొదను తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ రెండు నాబ్‌లు ఒకదాని పనిలో ఒకటి తలదూర్చకపోవడం డిజైన్‌లో నాకు బాగా నచ్చిన విషయం. గెయిన్‌ను ఎంత పెంచినా కంప్రెషన్ మారదు, ఎందుకంటే వెలుగును నడిపే సిగ్నల్ గెయిన్ నాబ్ దాకా రాకముందే విడిపోతుంది. ఆ కారణంగా ముందు కంప్రెషన్‌ను నిర్ణయించుకొని, ఆ తరువాత తీరిగ్గా లెవెల్ సరిచేసుకోవచ్చు. ఆ సరిచేయడంలో మాత్రం కచ్చితత్వం కావాలి. కంప్రెసర్ గుండా వచ్చిన గాత్రం ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా చెవికి అదే మేలుగా తోస్తుంది. రెంటినీ సమానం చేసి పోల్చిన తరువాతే ఈ యంత్రం గాత్రానికి మంచి చేసిందో, చెరుపు చేసిందో తెలుస్తుంది.

నా పద్ధతి ఇది. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడిన పాదాన్ని తీసుకొని పదేపదే మోగిస్తాను. సూది 10 డెసిబెల్స్ దాటేలా పీక్ రిడక్షన్‌ను కావాలనే ఎక్కువ పెట్టి, గొంతు ఊపిరాడనట్టు కుంగిపోవడం ఎలా ఉంటుందో ఆ గాయకుడి విషయంలో చెవికి ఎక్కించుకుంటాను. ఆ కుంగుబాటు ఒక్కో గొంతులో ఒక్కో చోట తెలుస్తుంది. కొందరిలో పదం మొదలు మెత్తబడుతుంది, కొందరిలో దీర్ఘం చివర జీవం పోతుంది. తరువాత నాబ్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ, ఆ లక్షణం మాయమైన చోట ఆపుతాను. చాలా గాత్రాలకు అది 3 నుంచి 5 డెసిబెల్స్ మధ్య, ఉద్వేగంగా పాడిన చోట 7 దాకా వస్తుంది. అక్కడితో పని పూర్తి కాదు. పాటలో అన్నిటికంటే మెల్లగా పాడిన పాదాన్ని మోగించి, పాదానికీ పాదానికీ మధ్య సూది సున్నా దరిదాపులకు తిరిగి వస్తోందో లేదో చూడాలి. ఎప్పుడూ రెండు మూడు డెసిబెల్స్ దగ్గరే వేలాడుతూ ఉంటే గాత్రం సమం కావడం లేదని, మొత్తంగా లెవెల్ తగ్గి ఉందంతేనని గ్రహించాలి.

సూది గురించి ఒక హెచ్చరిక చేయాలి. వీయూ మీటర్ సూది పూర్తి విలువను చేరడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. యంత్రమేమో 10 మిల్లీసెకన్లలో స్పందిస్తుంది. ఒక పొట్టి అక్షరం మీద యంత్రం 6 డెసిబెల్స్ తగ్గించి వదిలేసినా సూది సగం దూరం కూడా కదలకపోవచ్చు. పైగా సూదిని నడిపే రెసిస్టర్, పాటను తగ్గించే రెసిస్టర్ వేర్వేరు కనుక, రెండూ ఎంత దగ్గరి జత అయినా ఒకటే కాలేవు. ఆ మీటర్‌ను దారి చూపే బాణంలా వాడుకోవాలి, తూకం రాయిలా కాదు.

గాత్రాన్ని లోపలికి పంపే ముందు చేయాల్సిన పనుల్లో మొదటిది కింది ఫ్రీక్వెన్సీలను తీసివేయడం. ఓష్ఠ్యాలైన ప, బ, భ పలికినప్పుడు మైకును తాకే గాలి దెబ్బ చిన్న స్పీకర్లలో వినిపించకపోవచ్చు, కానీ యంత్రానికి మాత్రం బాగా కనిపిస్తుంది. ఆ దెబ్బకు పలక ఒక్కసారిగా వెలిగి, పదం మొత్తం వెనక్కి పోతుంది. వినేవారికి ఒక పదం ఎందుకు మింగినట్టుందో అర్థం కాదు. పురుష గాత్రానికి 70, స్త్రీ గాత్రానికి 100 హెర్ట్జ్ పరిసరాల్లో లో కట్ ఫిల్టర్‌ను కంప్రెసర్‌కు ముందే పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. తరువాత పెడితే ఆ శబ్దం పోతుంది గానీ, దానివల్ల జరిగిన కంప్రెషన్ అలాగే ఉండిపోతుంది.

రెండో పని పాదాల మధ్య తేడాను తగ్గించడం. మైకుకు దూరంగా జరిగి పాడిన పాదం, దగ్గరగా వచ్చి పాడిన పాదం మధ్య 10 డెసిబెల్స్ తేడా ఉంటే, ఏ ఒక్క పీక్ రిడక్షన్ అంకె కూడా రెంటికీ న్యాయం చేయదు. సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ గెయిన్‌తో పాదాలను చేతితో దగ్గరకు తెచ్చి, ఆ తేడాను 5 డెసిబెల్స్ లోపుకు దించి పంపితే ఈ యంత్రం తన పనిని ఎంత అందంగా చేస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఇది విసుగు పుట్టించే పని, పాటకు గంట పట్టవచ్చు. కానీ ఆ గంట పెట్టిన పాటలకూ, పెట్టని పాటలకూ ఉన్న తేడాను నేను యంత్రం మార్చి ఎన్నడూ సాధించలేకపోయాను.

ఊష్మాల సంగతి కాస్త లోతుగా చూడాలి. శ, ష, స ల శక్తి అచ్చులతో పోలిస్తే తక్కువ కనుక యంత్రం అచ్చుల మీద ఎక్కువగా, ఊష్మాల మీద తక్కువగా పనిచేస్తుంది. అచ్చులు తగ్గి, తరువాత గెయిన్‌తో మొత్తం పైకి వచ్చేసరికి ఊష్మాలు మునుపటికంటే పదునుగా ముందుకు పొడుచుకొస్తాయి. దీన్ని కంప్రెసర్ తప్పుగా భావించి చాలామంది ముందే డీ-ఎస్సర్‌ను (ఊష్మాల పదునును తగ్గించే సాధనాన్ని) గట్టిగా పెడతారు, దానివల్ల గాయకుడికి నత్తి వచ్చినట్టు అవుతుంది. ముందు తేలికగా ఒకటి, కంప్రెసర్ తరువాత మరొకటి పెట్టి చెరో 2 డెసిబెల్స్ పంచుకోనిస్తే సహజంగా ఉంటుంది. దీనికి యంత్రంలోనే మరో ఉపాయం ఉంది. ఆర్37 అనే చిన్న ట్రిమ్ పాట్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వెలుగును నడిపే సర్క్యూట్ పై ఫ్రీక్వెన్సీలకు ఎక్కువగా, కింది వాటికి తక్కువగా స్పందిస్తుంది. ఎఫ్ఎం ప్రసారంలో పై ఫ్రీక్వెన్సీలను పెంచి పంపుతారు కనుక, వాటిని అదుపులో ఉంచడానికి పెట్టిన ఏర్పాటు ఇది. గాత్రం మీద దీన్ని సగం దాకా తిప్పి చూశాను. పదునైన గొంతులకు మేలు చేసింది, మంద్రంగా పాడే గొంతులకు మాత్రం అసలు సమం చేసే పనే బలహీనపడింది. ప్రతి పాటకూ స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కుదిరే పని కాదు కాబట్టి నేను దాన్ని మొదటి స్థానంలోనే ఉంచి, డీ-ఎస్సర్‌తోనే పని కానిస్తున్నాను.

ఊపిరి శబ్దాల విషయంలోనూ రెండంచెల రిలీజ్ ప్రభావం స్పష్టంగా ఉంటుంది. మొదటి సగం 60 మిల్లీసెకన్లలో తిరిగి వస్తుంది కనుక, పాదం ముగిసీ ముగియకముందే పీల్చిన ఊపిరి సగం మేర పైకి వస్తుంది. 4 డెసిబెల్స్ కంప్రెషన్‌లో ఇది గాయకుడు పక్కనే ఉన్న భావన కలిగిస్తుంది, చాలా పాటలకు అదే అందం. 8 డెసిబెల్స్ దాటితే ప్రతి పాదం తరువాతా ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుంది. అలాంటప్పుడు ఊపిరులను విడి క్లిప్‌లుగా కత్తిరించి కంప్రెసర్‌కు ముందే తగ్గించడం మంచిది.

రెసిస్టర్ జ్ఞాపకం వల్ల నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఒక పాటలో పల్లవి నిండు గొంతుతో ముగిసిన అర సెకనుకే చరణం గుసగుసగా మొదలవుతుంది. చరణంలోని మొదటి రెండు పదాలు ఎంత ప్రయత్నించినా వినపడలేదు, మూడో పదం నుంచి గాత్రం మెల్లగా తేలుతూ పైకి వచ్చింది. పల్లవి పొడవునా వెలుగులో ఉన్న రెసిస్టర్ అప్పటికి ఇంకా పూర్తిగా కోలుకోలేదు. నేను మొదట ఆ రెండు పదాలనూ కంప్రెసర్‌కు ముందు పెంచాను. దానితో యంత్రం మళ్లీ వాటిని తగ్గించింది. సరైన పరిష్కారం కంప్రెసర్ తరువాత ఆటోమేషన్‌తో (కోరిన చోట సాఫ్ట్‌వేరే లెవెల్ మార్చే ఏర్పాటుతో) ఆ రెండు పదాలను ఎత్తడం, లేదా పల్లవినీ చరణాన్నీ రెండు ట్రాకులుగా విడదీసి వేర్వేరుగా యంత్రం గుండా పంపి రికార్డు చేసుకోవడం. రెండో దారి ఎక్కువ సమయం తీసుకుంటుంది గానీ, చరణానికి తనదైన పీక్ రిడక్షన్ దొరుకుతుంది. ఇప్పుడు నేను ఎక్కువగా అనుసరించేది అదే.

వేగంగా పదాలు దొర్లించే గాత్రానికి ఇది ఒంటరిగా సరిపోదు. పదానికీ పదానికీ మధ్య కోలుకునే వ్యవధి దొరకక సూది ఒకే చోట నిలిచిపోతుంది, పదాల మొదటి దెబ్బలు మాత్రం 10 మిల్లీసెకన్ల సందులోంచి తప్పించుకొని బయటపడతాయి. ఇక్కడ 1176 లాంటి ఎఫ్ఈటీ (ట్రాన్సిస్టర్‌తో పనిచేసే) కంప్రెసర్‌ను ముందు నిలపడం పాత, నమ్మదగిన పద్ధతి. దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, అంటే ఎల్‌ఏ-2ఏ కంటే ఎన్నో రెట్లు వేగం. 4:1 నిష్పత్తిలో (హద్దు దాటిన ప్రతి 4 డెసిబెల్స్‌కు 1 మాత్రమే బయటికి వచ్చేలా), పైకి ఎగిరే కొనలను మాత్రమే 2, 3 డెసిబెల్స్ అణచేలా పెడితే, వెనకున్న ఆప్టికల్ యంత్రానికి ప్రశాంతమైన సిగ్నల్ అందుతుంది. 1176లో అటాక్, రిలీజ్ నాబ్‌లను కుడివైపు తిప్పినకొద్దీ వేగం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మిగతా కంప్రెసర్ల అలవాటుతో తిప్పేవారు ఇక్కడ పొరబడతారు. వరుస తారుమారు చేసి ఆప్టికల్‌ను ముందు, 1176ను వెనక పెడితే గాత్రం సమమైన తరువాత దానికి ఒక దూకుడు వస్తుంది. రాక్ తరహా పాటలకు అది బాగుంటుంది, మెలోడీలకు నేను దాన్ని ఎంచుకోను.

కంప్రెస్, లిమిట్ అనే స్విచ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కంప్రెస్‌లో నిష్పత్తి సుమారు 3:1, లిమిట్‌లో అంతకంటే నిటారు. గాత్రం మీద తేడా అనుకున్నంత ఉండదు. నేను కంప్రెస్‌లోనే ఉంచుతాను.

రికార్డింగ్ సమయంలో దీన్ని వాడడంలో ఉన్న సుఖం వేరు. ధ్వనిని డిజిటల్‌గా మార్చే కన్వర్టర్‌కు ముందు అనలాగ్‌లోనే పని జరిగిపోతుంది కాబట్టి గాయకుడి హెడ్‌ఫోన్లలో ఆలస్యం ఉండదు, తన గొంతు తనకు దగ్గరగా, నిలకడగా వినిపిస్తుంది, ధైర్యంగా పాడతారు. అయితే ఒకసారి రికార్డయిన కంప్రెషన్‌ను వెనక్కి తీయలేము. అందుకని ఆ దశలో గట్టి పాదాల మీద 2, 3 డెసిబెల్స్‌కు మించనివ్వను. మిక్స్‌లో మరోసారి 3 డెసిబెల్స్ ఇస్తే, ఒకేసారి 6 ఇచ్చినదానికంటే మృదువుగా ఉంటుంది.

సమాంతర కంప్రెషన్‌కు ఇది చక్కగా ఒదుగుతుంది. అసలు గాత్రాన్ని ముట్టుకోకుండా, దాని నకలును 10, 12 డెసిబెల్స్ కుదించి కింద సన్నగా కలిపితే, మెల్లగా పాడిన అక్షరాల చివరలు కూడా వాద్యాల మధ్య వినిపిస్తాయి. బయటి యంత్రంతో ఇలా చేసేటప్పుడు సిగ్నల్ కన్వర్టర్ల గుండా వెళ్లి రావడానికి పట్టే కొద్దిపాటి ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్‌లో కొలిచి సరిచేయకపోతే, రెండు గాత్రాలూ కలిసిన చోట ధ్వని బోలుగా మారుతుంది.

ఇక తుది మిక్స్. ఇక్కడ నా ఉత్సాహం తగ్గుతుంది. మొదటి కారణం డ్రమ్స్, బేస్. వెలుగును నడిపే సర్క్యూట్ కింది ఫ్రీక్వెన్సీలను కూడా సమానంగా లెక్కలోకి తీసుకుంటుంది కనుక, కిక్ డ్రమ్ పడిన ప్రతిసారీ పాట మొత్తం ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇంతకుముందు పక్కన పెట్టిన ఆర్37 తుది మిక్స్‌లో నిజంగా అక్కరకు వస్తుంది. కిందివాటికి స్పందన తగ్గించగానే ఆ ఊగిసలాట చాలావరకు సద్దుమణుగుతుంది. రెండో కారణం రిలీజ్. పాటకు లయబద్ధమైన ఊపు తేవడానికి బస్ కంప్రెసర్ (మొత్తం మిక్స్ మీద పెట్టేది) దెబ్బకూ దెబ్బకూ మధ్య కోలుకోవాలి, ఆ వేగాన్ని మనం టెంపోకు తగ్గట్టు పెట్టుకోగలగాలి. ఇందులో రెండో సగం రిలీజ్ సెకన్ల మీద సాగుతుంది కనుక, ఇది నెమ్మదిగా కదిలే ఫేడర్‌లా పనిచేస్తుంది తప్ప మిక్స్‌ను బిగించి పట్టదు. నిదానంగా సాగే పాటల్లో, గాత్రం, తీగ వాద్యాలు, పియానో ప్రధానంగా ఉన్నచోట ఆ గుణమే వరం. ఒకటి, ఒకటిన్నర డెసిబెల్స్ మించకుండా పెడితే పల్లవి, చరణాల మధ్య ఎత్తుపల్లాలు చదునవుతాయి, ఎవరో చేయి వేసిన జాడ ఉండదు. తాళవాద్యాల హోరు ఉన్న పాటకు మాత్రం నేను వేరే కంప్రెసర్‌ను ఎంచుకుంటాను.

మూడో కారణం స్టీరియో. ఇది ఒక చానల్ యంత్రం. తుది మిక్స్‌కు రెండు కావాలి, రెండింటినీ వెనక ఉన్న టెర్మినళ్ల ద్వారా జతచేయాలి. జతచేసినా రెండింటిలోని టీ4బీలు ఒకేలా స్పందించకపోతే మధ్యలో నిలవాల్సిన గాత్రం గట్టి పాదాల దగ్గర ఒక పక్కకు వాలుతుంది. ఒకే మోనో సిగ్నల్‌ను రెండింటి గుండా పంపి, ఒకదాని పోలారిటీని తిరగేసి కలిపితే ఎంత మిగిలిందో వినిపిస్తుంది. ఆ మిగిలింది తక్కువగా ఉంటేనే మిక్స్ మీద నమ్మకంగా వాడగలం. నేను ఈ పరీక్ష చేయడానికి మరొకరి యూనిట్‌ను తెచ్చుకొని రెండు వారాలు కూర్చున్నాను. మెల్లని సంగీతంలో తేడా పట్టనంత తక్కువ, 5 డెసిబెల్స్ కంప్రెషన్ దగ్గర మాత్రం రిలీజ్ సమయాల తేడా స్పష్టంగా తెలిసింది. రెండు యూనిట్ల వయసు వేరు కాబట్టి అది ఊహించదగినదే.

ఇతర ఆప్టికల్ కంప్రెసర్లతో పోల్చి చూసుకోవాలనుకునేవారికి ట్యూబ్-టెక్ సీఎల్ 1బీ సరైన ప్రత్యామ్నాయం. అందులో అటాక్ 0.5 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా, రిలీజ్ 0.05 నుంచి 10 సెకన్ల దాకా, నిష్పత్తి 2:1 నుంచి 10:1 దాకా మన చేతిలోనే ఉంటాయి. వేగంగా పాడే గాత్రానికి, పాటకో తీరు కావాల్సినవారికి అదే మేలు. కానీ కుదర్చడానికి సమయం పడుతుంది, తప్పుగా కుదర్చడానికీ అవకాశం ఉంది. ఎల్‌ఏ-2ఏలో గాత్రాన్ని పూర్తిగా పాడుచేయాలంటే పట్టుబట్టి చేయాలి.

ఇక ఈ యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్లగిన్‌ల సంగతి. యూనివర్సల్ ఆడియో తన సొంత ప్లగిన్ సంపుటిలో సిల్వర్, గ్రే, పాత ఎల్‌ఏ-2 అనే మూడు రూపాలను ఇస్తోంది. సిల్వర్ వేగంగా, గ్రే మధ్యస్థంగా, ఎల్‌ఏ-2 అన్నిటికంటే నెమ్మదిగా స్పందిస్తాయి. వేవ్స్ సంస్థ సీఎల్ఏ-2ఏ కూడా విరివిగా వాడుకలో ఉంది. మిక్స్‌లో, అందరూ కలిసి వాయిస్తున్న చోట, గ్రే రూపానికీ నా యంత్రానికీ ఉన్న తేడాను నేను కచ్చితంగా గుర్తుపట్టలేను. గాత్రం ఒంటరిగా ఉన్నచోట, ముఖ్యంగా 6 డెసిబెల్స్ దాటినప్పుడు, యంత్రంలో దీర్ఘాలు మరింత గుండ్రంగా నిలుస్తాయి. కేవలం మిక్సింగ్ కోసమే అయితే ప్లగిన్‌తో తృప్తి పడవచ్చని, గాయకులను రికార్డు చేసేవారు మాత్రం యంత్రం గురించి ఆలోచించాలని నా సలహా. ముందు చెప్పిన లో కట్, క్లిప్ గెయిన్, డీ-ఎస్సర్ పద్ధతులన్నీ ప్లగిన్‌కూ యథాతథంగా వర్తిస్తాయి.

నిర్వహణకు ఓపిక కావాలి. ట్యూబులు వేడెక్కి స్థిరపడడానికి అరగంట ముందే స్విచ్ వేస్తాను. చీకట్లో చాలాకాలం ఉన్న ఫోటో రెసిస్టర్ ప్రవర్తన కొంత వేరుగా ఉంటుంది కాబట్టి, ఆ అరగంటలో చివరి పది నిమిషాలు ఏదో ఒక పాటను యంత్రం గుండా పంపుతూ పలకను వెలిగిస్తాను. ట్యూబులు కాలక్రమంలో మార్చాల్సినవే. పలక కూడా వాడినకొద్దీ వెలుగు కోల్పోతుంది. అదే గాత్రానికి పీక్ రిడక్షన్ అంకె ఏడాదికేడాది పైకి జరుగుతూ ఉంటే అది దాని గుర్తు. టీ4బీ ఆక్టల్ సాకెట్‌లో కూర్చునే భాగం కనుక ఊడదీసి మరొకటి పెట్టడం తేలిక. కొన్న రోజునే ఒక ప్రామాణిక సిగ్నల్‌ను పంపి, ఏ అంకె దగ్గర సూది 5 డెసిబెల్స్ చూపిందో రాసిపెట్టుకుంటే తరువాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. నేను 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో ఆరు నెలలకొకసారి ఈ లెక్క చూస్తున్నాను, ఇంతవరకు చెప్పుకోదగ్గ మార్పు లేదు.

తుది మిక్స్ కోసం రెండో యూనిట్ కొనాలన్న ఆలోచన ఆ రెండు వారాల పరీక్షతో విరమించుకున్నాను. ఉన్న ఒక్కదాన్నీ ప్రధాన గాత్రానికీ, ఆ తరువాత బేస్ గిటార్‌కూ వంతులవారీగా వాడి, రెండింటినీ రికార్డు చేసి పెట్టుకుంటున్నాను. తుది మిక్స్ మీద ఆప్టికల్ స్వభావం కావాల్సిన నిదానమైన పాటలకు ప్లగిన్ జతనే పెడుతున్నాను, ఎందుకంటే అందులో ఎడమ, కుడి చానళ్లు ఎప్పటికీ ఒకేలా ఉంటాయి.